ఐదో అంతస్తులో రోగి

కుటైసీలో, రియోనీ నది ఒడ్డున మా భవనం.
లిఫ్టు కదలాలంటే పెట్టెలో నాణెం వేయాలి.
చిల్లర లేని రోజు
మెట్లే నన్ను లెక్కపెట్టుకుంటాయి.

రాత్రి తొమ్మిదింటికి ఊరు దుప్పటి లాక్కుంటుంటే
నాకు వాంకూవర్‌లో తెల్లారుతుంది.
అక్కడెవరో కట్టబోయే ఇళ్లకు
నీటి గొట్టాల గీతలు గీయడం నా పని.
నీలం గీత చన్నీళ్లు, ఎర్ర గీత వేణ్ణీళ్లు,
చుక్కల గీత మురుగు.
ముప్పై రెండో అంతస్తు స్నానాలగదికి
ఎంత ఒత్తిడితో నీరెక్కాలో నాకు తెలుసు.
మా కుళాయి మటుకు
పొద్దున ఆరింటికి ఒకసారి దగ్గి ఊరుకుంటుంది.

ఒప్పందంలో నాలుగో పేరా నాకు కంఠతా వచ్చు:
"ఇందులో ఉన్నదేదీ
యజమానికీ ఉద్యోగికీ మధ్య సంబంధంగా
భావించరాదు."
నాలుగేళ్లుగా భావించలేదు.
కెండ్రా కుక్కకి ఆపరేషనన్నప్పుడు
రెండు రాత్రులు మనసు బాగాలేదు, అంతే.
అది ఏ పేరా కిందికి వస్తుందో అడగలేదు.

నవంబరులో వాళ్లు గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకుంటారు.
మా దేశంలో ముల్లు జరగదు,
జరిగేది నా నిద్ర.
వాళ్ల పండక్కి వాళ్లకి సెలవు, నాకు ఖాళీ.
సెలవుకీ ఖాళీకీ తేడా
నెలాఖరు బిల్లులో తెలుస్తుంది.
సముద్రం దాటొచ్చే డబ్బుని
దారిలో ఏదో బ్యాంకు పద్దెనిమిది డాలర్లు కొరుకుతుంది.
ఎవరిదో చెప్పరు,
పంటిగాటు మాత్రం కనిపిస్తుంది.

నీళ్ల మోటారుకి అప్పడిగితే
కిటికీ అవతలి అమ్మాయి అడిగింది:
మీ పై అధికారి?
నేనే.
మీ కింద?
నేనే.
స్టాంపు పక్కన పెట్టి
ఇద్దరినీ జాలిగా చూసింది.

కింద వీధిలో ఎల్గుజా రొట్టెల బట్టీ.
నాలుగింటికి నిప్పు రాజేస్తాడు.
ఆ వేళకి ఊళ్లో వెలిగేవి రెండే,
అతని పొయ్యి, నా కిటికీ.
మొదటి చలికాలంలోనే తలుపు తట్టాడు,
పిండి చేతుల్తో, పడవలాంటి రొట్టె కాగితంలో చుట్టి.
"ఎవరికి బాగాలేదమ్మా? రాత్రంతా దీపం..."
గొట్టాలు, కెనడా, పన్నెండు గంటల తేడా
చెప్పబోయాను.
అంత నిద్రలో నోరు తిరగలేదు.
"ఉన్నారులెండి ఒకరు" అన్నాను.

అప్పట్నుంచీ ప్రతి మంగళవారం
గొళ్లేనికి రొట్టె సంచి.
డబ్బిస్తే చేతులు వెనక్కి కట్టుకుంటాడు.
"రోగమున్న ఇంటి డబ్బు ముట్టుకుంటే
నా పొయ్యి అలుగుతుంది."
నిజం చెప్పాలనుకుంటూనే
నాలుగేళ్లు రొట్టె తిన్నాను.

ఫిబ్రవరిలో ఉత్తరం. మూడు వాక్యాలు.
పద్నాలుగు రోజుల గడువు, ధన్యవాదాలు, శుభాకాంక్షలు.
కెండ్రా చివర చిన్న నవ్వుబొమ్మ పెట్టింది.
కాసేపటికి అదే ఉత్తరం మళ్లీ పంపింది,
ఈసారి నవ్వు లేకుండా.

పద్నాలుగో రాత్రి
ఓ వంటింటి ఎర్ర గీత సింకు దాకా రాకముందే
తెర తెల్లబడింది.
సంకేతపదం చెల్లదంది. మళ్లీ కొట్టాను. చెల్లదంది.
వేణ్ణీళ్లు గోడలోనే ఆగిపోయాయి.
దీపం ఆర్పి
కుర్చీలోనే కూర్చున్నాను, ఎవరో పిలుస్తారన్నట్టు.

నాలుగు దాటాక మెట్ల మీద అడుగులు.
అతనికీ చిల్లర లేనట్టుంది.
తలుపు తీస్తే ఎల్గుజా,
రొట్టె లేదు, టోపీ తీసి గుండెకి ఆనించుకుని.
నా భుజం మీదుగా చీకటి గదిలోకి చూసి
మెల్లగా అడిగాడు:
"ఎప్పుడమ్మా?"

"అర్ధరాత్రి దాటాక" అన్నాను.
అన్నాక తెలిసింది, ఏడుస్తున్నానని.

అతను గడప బయట, మెట్టు మీద కూలబడ్డాడు.
కింద రొట్టెలు మాడిపోతాయని గుర్తు చేశాను.
"మాడనీ" అన్నాడు.